మా బల్మూర్ జఖీరా

ఉర్దూలో జఖీరా అనే లఫ్జ్‌కు రెండు ముఖాలు. ఏడాదికి సరిపడా గల్లా ఇంట్లో పెట్టుకున్న రైతుదీ జఖీరాయే, గోదాముకు తాళం వేసి ధర పెరిగేదాకా కూర్చున్న సేఠ్‌దీ జఖీరాయే. ఈ రెండోదాన్ని ఉర్దూ అఖ్బారులు జఖీరా అందోజీ అని రాస్తాయి. ఫిఖ్హ్ కితాబులు ఇహ్తికార్ అని పేరు పెట్టి గునాహ్‌గా లెక్కిస్తాయి. నేను పదో జమాత్ దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగు డిగ్రీ. ఒకే వస్తువుకు రెండు జబానుల్లో పేర్లు వెతకడం నాకు చిన్నప్పటి ఆదత్. జఖీరాకు తెలుగు మాట కావాలంటే మాత్రం నాకు నిఘంటువు గుర్తుకు రాదు. బల్మూర్‌లో మా నానీ ఇంటి ముందు పాతర గుర్తుకొస్తుంది.

బల్మూర్ తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. అచ్చంపేటకు దగ్గర, నల్లమల అంచున ఉన్న ఊరు. మొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబర్ 11 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఒకవైపు వాన మీద బతికే చెల్కలు, ఇంకోవైపు అడవి. వాన పడితే జొన్న, కంది, ఆముదం. పడకపోతే పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడిన వలస. ఇలాంటి ఇలాఖాలో రేపటి తిండి గురించి ఫికర్ చేయడం ఒక షౌక్ కాదు, ఇంటి నడత.

పాతర అంటే ఎత్తైన గట్టి నేల చూసి తవ్విన గొయ్యి. మూతి ఇరుకు, కడుపు వెడల్పు. పెద్ద సురాహీని భూమిలో పాతిపెట్టినట్టు ఉంటుంది. గోడలకు మట్టీ పేడా అలికి, బాగా ఆరనిచ్చి, లోపల జొన్న చొప్పో వరిగడ్డో మందంగా పరిచేవాళ్లు. కటకటలాడేలా ఎండిన జొన్నలు పోసి, పైన మళ్లీ గడ్డి, బండ, ఆ పైన మట్టి. ఇక ఆ జాగా మీద నుంచి మనుషులు నడుస్తారు, మేకలు పడుకుంటాయి. కింద ఇంటి ఏడాది రిజ్క్ ఉందని పరాయివాడికి అందాజా కూడా రాదు.

ఇందులో ఉన్న హికమత్ చిన్నది కాదు. గింజ కూడా ఊపిరి తీస్తుంది. మూసిన గోతిలో ఉన్న ఆక్సిజన్‌ను అది వాడేసుకుంటుంది, బదులుగా కార్బన్ డయాక్సైడ్ నిండుతుంది. పురుగు ఉక్కిరిబిక్కిరై చస్తుంది. ఇవాళ గాలి చొరని ప్లాస్టిక్ సంచులు తెచ్చి రైతులకు చూపిస్తున్నారే, వాటి ఉసూల్ కూడా ఇదే. అయితే అదే గాలి మనిషినీ చంపుతుంది. అందుకే పాతర మూత తీసిన వెంటనే లోపలికి దిగనిచ్చేవాళ్లు కాదు. చాలాసేపు తెరిచి ఉంచి, తాడుకు కట్టిన దీపం కిందికి దించేవాళ్లు. దీపం ఆరితే ఆగాలి, వెలిగితే దిగాలి. మా నానా ఈ పని ఎవరికీ అప్పగించేవారు కాదు. బిస్మిల్లా అని దీపం దించి, అది వెలుగుతున్నా కాసేపు ఊరికే చూస్తూ నిలబడేవారట. ఆ ఇంట్లో తవక్కుల్ అలా ఉండేది. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా పెట్టుకోమన్న హదీస్ మనందరికీ తెలుసు. ఆ దీపం మా బల్మూర్ ఒంటెతాడు.

పాతరకు ఇంకో ఖాసియత్ ఉంది. ఒకసారి తెరిస్తే సగంలో మూయడం కుదరదు. గాలీ తేమా సోకిన గింజ మళ్లీ గోతిలో నిలవదు. మొత్తం పైకి తీసి ఎండబెట్టి గుమ్ముల్లో, కాగుల్లో సర్దాలి. అంత గింజ ఒక్క ఇంట్లో పట్టదు. అందుకని పాతర తెరిచిన రోజున పక్కిళ్లవాళ్లు చేటలు పట్టుకొచ్చేవాళ్లు. ఇవాళ నాలుగు శేర్లు బదులు తీసుకుంటారు, తమ పాతర తెరిచినప్పుడు అవే నాలుగు శేర్లు తెచ్చిస్తారు. హిందువులా ముసల్మాన్‌లా అని అడిగే పని లేదు. అంచున ఉన్న గింజ రంగు మారి ఒక రకమైన వాసన కొట్టేది. ఆ వాసన ఉన్న రొట్టె తినలేక మా అమ్మీ చిన్నప్పుడు ఏడ్చేదట. పాత రోజుల గురించి రాసేవాళ్లు ఈ వాసన సంగతి ఎందుకో రాయరు.

సూరా యూసుఫ్ చదివిన ప్రతి ఇంటికీ తెలిసిన వాకియా ఒకటుంది. మిస్ర్ బాద్‌షా ఖ్వాబ్‌కు యూసుఫ్ అలైహిస్సలాం చెప్పిన తాబీర్‌లో ఏడేళ్ల పంట, ఏడేళ్ల ఖహత్ ఉన్నాయి. కోసిన పంటను కొద్దిగా తినడానికి తప్ప వెన్నులోనే ఉంచేయమన్న సలహా కూడా ఉంది. వెన్నులో ఉన్న గింజకు పొట్టు కాపలా, పురుగు తొందరగా చేరదు. మా వైపు విత్తనం జొన్నకు మంచి వెన్నులు ఏరి, పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీసేవాళ్లు. చదువురాని రైతు చేసిన పనీ, ఒక పైగంబర్ చెప్పిన తద్బీరూ ఒకే చోట కలుస్తాయి. మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం కూడా ఇంటివాళ్ల కోసం ఏడాది ఖర్చు పక్కన పెట్టేవారని సహీహ్ బుఖారీలో ఉంది. కాబట్టి ఇంట్లో గల్లా పెట్టుకోవడం ఈమాన్ లోపమని ఎవరైనా అంటే వినకండి.

అడవి వైపు కూడా చూడాలి. బల్మూర్ దాటి అమ్రాబాద్ పఠారం మీదికి వెళ్తే చెంచులు. 1939లో రెండో జంగ్ మొదలైనప్పుడు ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ హైదరాబాద్ రియాసత్‌లో ఉండిపోయాడు. నిజాం హుకూమత్ ఇజాజత్‌తో 1940లో ఈ అడవిలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద కితాబ్ వేశాడు. గడ్డలు తవ్వే కర్ర, విల్లు, గొడ్డలి, కత్తి, బుట్ట, కొన్ని కుండలు. అప్పటి చెంచు ఇంటి సామాను దాదాపు ఇంతే. గింజ దాచే అలవాటూ తక్కువే. పైకి చూస్తే వాళ్లకు జఖీరా లేదు. కానీ ఏ గడ్డ ఏ మౌసమ్‌లో ఎక్కడ దొరుకుతుంది, ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుంది, ఏ కొండ పట్టున తేనె ఉంది అనేదంతా తలలో ఉండేది. కరువు రోజుల్లో ఊరివాళ్లు అడవి బాట పట్టి, ఏ గడ్డ తినొచ్చో ఏది విషమో వాళ్లనే అడిగేవాళ్లని మా నానీ చెప్పేది. ఊళ్లో పాతర భూమిలో ఉంటే, చెంచు పాతర ఇల్మ్‌లో ఉంది.

ఇక అసలు ఖహత్ సంగతి. దక్కన్‌కు కరువు కొత్త కాదు. 1791-92లో వచ్చినదాన్ని డోజీ బారా అన్నారు. పాతిపెట్టేవాళ్లు లేక కపాలాలు నేల మీదే ఉండిపోయాయని పుర్రెల కరువు అనీ అన్నారు. 1876లో వానలు పోయాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి తెలుగువాళ్లు ధాత కరువు అన్నారు. మద్రాస్ ప్రెసిడెన్సీ, మైసూర్, బొంబాయి, మన నిజాం ఇలాఖా, అన్నీ దాని కిందే నలిగాయి. రెండేళ్లలో యాభై లక్షలకు మించి జనం పోయారు. అప్పట్లో హైదరాబాద్ దీవాన్ మొదటి సాలార్‌జంగ్. ఇంగ్రేజ్ ఇలాఖాలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అఫ్సర్ 1877లో కరువు పనికి వచ్చినవాళ్ల కూలీలో ధాన్యాన్ని రోజుకు ఒక పౌండుకు కుదించాడు. అంటే అరకిలో కూడా కాదు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి! అవే రోజుల్లో హిందుస్తాన్ రేవుల నుంచి గోధుమలు విలాయత్‌కు ఎగుమతి అవుతూనే ఉన్నాయి.

ఇక్కడ నన్ను ఆపే సంగతి రైలు. కృష్ణకు అవతల రాయచూరు మీదుగా బొంబాయి, మద్రాస్ లైన్లు 1871కే కలిశాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. రైలుంటే గల్లా కరువు చోటికి పరుగెత్తుతుందని హాకిమ్‌లు అనుకున్నారు. గల్లా పరుగెత్తింది, కానీ ధర ఉన్న చోటికి. కొనే తాకత్ లేని చోట నుంచి అది బయటికే పోయింది. పల్లె గోతుల్లో ఉండాల్సిన గింజ స్టేషన్ గోదాములకు చేరిన కొద్దీ ఊరి భద్రత ఊళ్లో లేకుండా పోయింది. మా బల్మూర్ వైపు అప్పటికి రైలు లేదు. దాన్ని వెనకబాటు అనాలో ఖుష్‌నసీబీ అనాలో చెప్పలేను.

అన్ని పాతరలూ ఒకటే కావని కూడా రాయాలి. పెద్ద పాతరలు దొరలవి, పటేళ్లవి, షావుకార్లవి. వాళ్ల పాతర తెరిచే రోజు లోటుతో ఉన్న ఇంటికి నాగు తెచ్చుకునే రోజు. నాగు అంటే గింజ అప్పు. తీసుకున్నదానికి పంట మీద సగం కలిపి ఇవ్వాలి. ఖహత్ ఏడాది తీసుకున్న నాగు మూడు పంటలు తీర్చినా తీరేది కాదు. పైసల్లో కాక జొన్నల్లో ఉన్నంత మాత్రాన సూద్ సూద్ కాకుండా పోదు. ఒకే గొయ్యి, అదే చొప్ప, అదే బండ. నానా ఇంటి ముందు అది జఖీరా, గఢీ ముందు ఇహ్తికార్. రెండో జంగ్ రోజుల్లో నిజాం సర్కార్ లెవీ గల్లా వసూలు మొదలుపెట్టింది. పలుకుబడి ఉన్నవాళ్లు తప్పించుకుంటే చిన్న రైతు ఇల్లు ఊడ్చుకుపోయింది. తెలంగాణ రైతు తిరగబడ్డ కారణాల్లో వెట్టితోపాటు ఈ లెవీ కూడా ఉంది. లెవీవాళ్లు ఇనుప చువ్వతో నేల గుచ్చి పాతర జాగా పసిగట్టేవాళ్లని నానా చెప్పేవారు. అందుకని ఆయన పాతర మీద మేకల్ని కట్టేసేవారట.

ఇస్లామీ తారీఖ్‌లో హిజ్రీ 18లో మదీనా చుట్టూ వచ్చిన ఖహత్‌ను ఆముర్ రమాదా, అంటే బూడిద సంవత్సరం అంటారు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు ఇతర ఇలాఖాల నుంచి గల్లా తెప్పించి పంచారు. జనం తేరుకునేదాకా తాను నెయ్యి, మాంసం ముట్టనని కసమ్ తిన్నారు. హాకిమ్ పాతర అంటే అలా ఉండాలి. మా వైపు అలాంటి పాతర గురించి నేను వినలేదు.

గింజ ఒక్కటే జఖీరా కాదు. ఈ సంగతి మన ఘరానాలకు ప్రత్యేకంగా చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. సాదగీ గురించి జుమా బయాన్‌లో వింటాం, అది రూహ్ కోసం అనుకుంటాం. కానీ తెలంగాణ పల్లెల్లో ముసల్మాన్ రోజీకి సాదగీయే పునాది.

ఊళ్లో భూమి ఉన్న ముసల్మాన్‌లు ఎంతమంది? తక్కువ. మరి మిగతావాళ్లు ఏం చేసి బతికారు? పాతదాన్ని మళ్లీ పనికొచ్చేలా చేసి బతికారు. దూదేకుల అని, నూర్‌బాషా అని, పింజారీ అని పిలిచే మన భాయీలు భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరిగేవాళ్లు. అణిగిపోయి గడ్డకట్టిన పరుపును విప్పి, పాత దూదినే విల్లు తాడు మీద కొయ్యగుండుతో కొట్టి మబ్బులా విడగొట్టేవాళ్లు. అదే దూది, అదే పరుపు, మళ్లీ కొన్నేళ్లు. పాత చీరలు, లుంగీలు పొరలుగా వేసి కుట్టిన బొంత ప్రతి ఇంట్లో ఉండేది. కలాయి పనివాడు వచ్చాడంటే పిల్లలకు తమాషా. వాకిట్లో చిన్న గుంత తీసి బొగ్గులు రాజేసి, తోలు తిత్తితో ఊదేవాడు. కాలిన రాగి దేగ్చీలో నౌసాదర్ చల్లితే తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క తాకించి దూది ఉండతో గిర్రున రుద్దితే లోపలంతా వెండిలా మెరిసేది. చిలుము పట్టిన గిన్నెలో పులుసు వండితే విషమని అందరికీ తెలుసు కాబట్టి, ఆయన రాక కోసం ఆడవాళ్లు ఎదురుచూసేవాళ్లు. ఆ దేగ్చీ నానీ జహేజ్‌లో వచ్చింది, అమ్మీ పెళ్లి దావత్‌లో వండింది. మధ్యలో ఎన్నిసార్లు కలాయి పడిందో లెక్క లేదు. కత్తులకు సాన పట్టేవాళ్లు, తాళాలు గొడుగులు బాగుచేసేవాళ్లు, పంచర్ దుకాణం, కుట్టుమిషన్, స్టవ్ రిపేర్ అన్నీ ఈ సిల్‌సిలాలోవే. పారేయని సమాజంలోనే ఈ పనులకు గిరాకీ.

స్టీలు వచ్చింది, కలాయి పోయింది. ఫోమ్ పరుపు వచ్చింది, విల్లు పోయింది. వాడి పారేసేవి వచ్చాక రిపేర్ చేసేవాడు కబాడీ అయ్యాడు. ఇది ఇతరులు మన మీద చేసిన జుల్మ్ మాత్రమే అనుకోవద్దు. కలాయి పనివాడి ఇంట్లో కూడా ముందుగా మారింది గిన్నెలే. మనం కొన్న ప్రతి చవక వస్తువు వెనక మనలోనే ఒకరి హునర్ ఆగిపోయింది.

తిండిలోనూ ఇదే జరిగింది. 1983లో ఎన్‌టీఆర్ సర్కార్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. గరీబు ఇంట్లో ఆకలి తగ్గించిన స్కీమ్ అది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు ఇత్తిఫాక్ లేదు. ఫజర్‌కు ముందే లేచి ఇసుర్రాయి తిప్పి చేతులు కాయలు కాచిన ఆడవాళ్లకు అది రాహత్ కూడా. కానీ దానితో జొన్న పళ్లెంలోంచి జరిగింది, పళ్లెంలో లేనిది చేనులో నిలవలేదు. ఆ జాగాలో పత్తి వచ్చింది. పత్తిని పాతరలో పెట్టలేం, తినలేం, దాని ధర మన చేతిలో ఉండదు. నెలకోసారి రేషన్ వస్తుందన్న భరోసాతో ఏడాది లెక్క నెల లెక్క అయింది. నెల లెక్క ఇప్పుడు ఫోన్ ఆర్డర్ లెక్క.

గల్లా ఖాళీ అయిన జాగాలో కర్జ్ వచ్చి కూర్చుంది. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లకు తాళలేక ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో ఆత్మహత్యలు జరిగితే, అక్టోబర్‌లో సర్కార్ ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. సహాఫీగా నేను తిరిగిన ఇళ్లలో కర్జ్ దేనికి తీసుకున్నారని అడిగితే వచ్చే జవాబుల్లో బీమారీ ఒకటి, బిడ్డ పెళ్లి ఒకటి. పెళ్లి అంటే నికాహ్ కాదు, నికాహ్‌కు ఖర్చేముంది? ఫంక్షన్ హాల్, జహేజ్‌లో బండి, ఫ్రిజ్, డబుల్ బెడ్. జిత్నీ చాదర్ ఉత్నే పావ్ అని మన పెద్దలు అన్నారు. ఇప్పుడు చాదర్ కూడా ఈఎంఐ మీదే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడినప్పుడు ఇదంతా ఒక్కసారి బయటపడింది. పెద్ద ఊళ్ల నుంచి నడిచి వస్తున్న పాలమూరు కూలీలను చూశాం. తెలంగాణ సర్కార్ మనిషికి 12 కిలోల బియ్యం, రేషన్ కార్డుకు 1500 రూపాయలు ఇచ్చింది. అది లేకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికే దిల్ ఒప్పుకోదు. నేను ఆ వారాల్లో గమనించింది ఇంకోటి. పెద్ద టీవీ ఉన్న ఇళ్లలో వారానికి సరిపడా పిండి లేదు. బల్మూర్‌లో మా మామూ ఇంట్లో మాత్రం డ్రమ్ముల్లో జొన్న, కంది, అటక మీద చింతపండు, ఎండు మిరప ఉన్నాయి. ఆ రంజాన్‌లో ఆయన ఇంటి నుంచి నాలుగు ఇళ్లకు ఇఫ్తార్ వెళ్లింది. మే నెలలో పెళ్లికి 50 మందికి మించి రావద్దని హుకుం వచ్చింది. అప్పుడు జరిగిన నికాహ్‌లు ఎంత తేలిగ్గా అయ్యాయో మీరూ చూశారు. ఖజీ సాబ్, ఇద్దరు గవాహ్‌లు, ఖజూర్. ఏ తండ్రీ కర్జ్ చేయలేదు. ఆంక్షలు ఎత్తేసిన మొదటి సీజన్‌కే ఫంక్షన్ హాళ్లు మళ్లీ నిండాయి.

నానీ ఇంటి పాతర ఇప్పుడు లేదు. ఇల్లు కట్టేటప్పుడు మట్టితో పూడ్చి పైన సిమెంట్ వేశారు. మళ్లీ తవ్వమని నేను అనను. దీపం దించడం తెలిసిన మనిషి లేకుండా ఆ గోతిలోకి దిగొద్దు. మామూ పద్ధతి మాత్రం పట్నంలోనూ నడుస్తుంది. అయిదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోల గల్లా అనుకుంటే మూడు నెలలకు 180 కిలోలు. మూత బిగుతుగా పట్టే రెండు పెద్ద డ్రమ్ములు, ఒక మూల. పంట వచ్చిన రోజుల్లో రైతు దగ్గరే కొని, మూడు ఎండలు ఎండబెట్టి, ఎండిన వేపాకు వేసి నింపుతారు. ముందు పోసింది ముందు తీస్తారు, తీసినంత మళ్లీ పోస్తారు. డ్రమ్ము పక్కనే మామూ ఒక శేరు కొలత పెట్టారు. బదులు అడగడానికి వచ్చినవాళ్లకు కొలిచి ఇవ్వడానికి. తెచ్చి ఇచ్చేటప్పుడు ఆ కొలతకు తల కొట్టి ఇస్తే చాలు, కుప్ప పోయనక్కర్లేదని ముందే చెబుతారు.